అమ్మ అడిగి ఎక్కిన బస్సు

మొన్న మా ఎదురింటివాళ్ళు ఊరినించి మినుములు తెచ్చుకుని మాకూ ఒక సంచి ఇచ్చారు. కొట్లో కొన్నవి కావు, కళ్ళంలోంచి నేరుగా వచ్చినవి. చేటలో పోసి చెరగ్గానే నల్లటి దుమ్ము లేచింది. ఎండిన ఆకు, మట్టి, కాస్త వగరు కలిసిన వాసన. చేతులకి దురద, ముక్కులో మంట. ఈ దుమ్ము నాకు పడదని మా ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. పడకపోవడం కాదు. చేట కింద పెట్టేసి వసారాలో కుర్చీలో కూలబడ్డాను. నాకు పదేళ్ళప్పటి మినుముల కాలం ఒకటి వచ్చి మీద పడింది.

మాది దివిసీమలో సముద్రం దగ్గర ఊరు. కాలవ నీళ్ళు అందరికీ అందాక ఆఖర్న మాకొచ్చేవి. ఇంట్లో నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను, అమ్మ చెల్లెలు మా పిన్ని. నాన్న ఒక రైతు దగ్గర ట్రాక్టరు తోలేవాడు. క్రిస్మస్‌కీ, ఈస్టర్‌కీ తప్ప చర్చి గడప తొక్కేవాడు కాదు. అమ్మ అందుకు పూర్తిగా విరుద్ధం. చర్చి మాట అటుంచి, ఇంట్లో ప్రతి చిన్నదానికీ దేవుణ్ణి అడిగేది. పెట్టని పొదగెయ్యాలా, గుడ్లు అమ్మాలా? ఇవాళ వడియాలు పెడితే ఎండుతాయా? సంతకి నడిచి వెళ్ళాలా, రిక్షా కోసం ఆగాలా? గుమ్మం పక్కన చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకి వంచేది. పక్కగదిలోంచి ఎవరో మెల్లిగా పిలుస్తుంటే విన్నట్టు ఉండేది చూడ్డానికి. ఆ తర్వాత "సరే" అని కదిలేది.

"ఆయనకి వేరే పని లేదా?" అనేది నాయనమ్మ. "ఆకాశం చూసుకోవాలి, సముద్రం చూసుకోవాలి. నీ గోంగూరలో పచ్చిరొయ్యలెయ్యాలో ఎండురొయ్యలెయ్యాలో కూడా ఆయనే చెప్పాలా?"

"పచ్చిరొయ్యలుంటే ఆయన్నెందుకు అడుగుతానండీ అత్తయ్యా? నేనే వేసేదాన్ని" అనేది అమ్మ నవ్వుతూ.

పిన్నికి పుట్టుకతోనే వినపడదు, మాటా రాలేదు. అమ్మమ్మ, తాతయ్య పోయాక అమ్మ తన దగ్గరే పెట్టుకుంది. అప్పటికి పిన్నికి ఇరవై ఉంటాయేమో. ఊళ్ళోవాళ్ళు మూగపిల్ల అనేవాళ్ళు. మాటలన్నీ చేతుల్తోనే. నేనంటే రెండు జడలు చూపించేది. నాన్నంటే స్టీరింగు తిప్పేది. నాయనమ్మంటే ఆకూవక్కా నమిలినట్టు నోరు తిప్పేది. అది చూసి నాయనమ్మ కోప్పడితే ఇంకా ఎక్కువ తిప్పేది. దేవుడంటే మాత్రం అమ్మలా తల పక్కకి వంచి, కళ్ళు మూసుకునేది. పిన్నికి మనుషుల మాటలెలాగో దేవుడి మాటా అలాగే. మేమందరం ఏదో వింటున్నామని మా మొహాలు చూసి నమ్మేది. అమ్మ మొహం చూసి, దేవుడు కూడా మాట్లాడతాడనే నమ్మింది. మాలో ఎవరికైనా అనుమానం ఉండేదేమోగానీ పిన్నికి లేదు.

ఒకసారి నేను పిన్నిని ఆటపట్టించాను. అమ్మ పెరట్లో ఉన్నప్పుడు వంటింట్లోకి వెళ్ళి, తల పక్కకి వంచి, చేప చూపించి, పులుసు గిన్నె చూపించాను. దేవుడు చేపల పులుసు వండమన్నాడని. పిన్ని వెంటనే లేచి, మర్నాటికని ఉట్టి మీద పెట్టిన మట్టగిడసలు తీసి, బూడిద రాసి తోమి, చింతపండు నానేసింది. అమ్మ వచ్చి చూసి తెల్లబోయింది. సంగతి తెలిశాక ఆ చేపలు తింటూ, "దేవుడి పేరు చెప్పి బాగానే తిన్నావు" అని నా వీపు మీద ఒకటిచ్చింది. పిన్ని మాత్రం నేను చెప్పింది అబద్ధమని ఆఖరిదాకా ఒప్పుకోలేదు. పులుసు బాగా కుదిరింది కదా అన్నట్టు గిన్నె చూపించింది.

ఆ ఏడు గుడివాడలో పెద్ద ప్రార్థన కూటాలు పెట్టారు. ఎక్కడినించో ఒక దైవసేవకుడు వస్తున్నాడని, ఆయన ప్రార్థన చేస్తే రోగాలు తగ్గుతున్నాయని ఊరంతా చెప్పుకున్నారు. అమ్మ పిన్ని చెవుల కోసం అడగాలనుకుంది. వెళ్ళాలా వద్దా అని కూడా గుమ్మం దగ్గర నిలబడి అడిగింది. సరే అంది. పిన్నికి తన పెళ్ళినాటి ఆకుపచ్చ చీర కట్టి, తను ఇంకో ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఇద్దరూ అక్కచెల్లెళ్ళని చూడగానే తెలియాలని పిన్నికి ముచ్చట. సంచిలో పులిహోర, అరటిపళ్ళు పెట్టుకుని ముగ్గురం బయల్దేరాం.

పామర్రులో దిగి గుడివాడ బస్సు మారాలి. ఆ ఉదయం సెంటర్లో కాలు పెట్టే సందులేదు. కూటాలకి వెళ్ళేవాళ్ళూ, ఏదో పెళ్ళికి వెళ్ళేవాళ్ళూ అందరూ ఒకేసారి వచ్చిపడ్డారు. మిరపకాయ బజ్జీల నూనె వాసన, కిళ్ళీకొట్టు రేడియో, బస్సుల పొగ. గుడివాడ బస్సు ఒకటి కిక్కిరిసి నిలబడి ఉంది. వెనకాలే ఇంకోటి వస్తోందని ఎవరో అన్నారు. అమ్మ నన్ను ఒక చేత్తో, పిన్నిని ఒక చేత్తో పట్టుకుని, ఆ జనంలోనే కళ్ళు మూసుకుంది. నేను ఆ మొహం చూస్తూనే ఉన్నాను. పిన్ని కూడా చూస్తోంది. అమ్మ కళ్ళు తెరిచి, "దీన్నే ఎక్కుదాం" అంది.

మెట్టు మీద కాలు పెట్టగానే వెనకనించి తోపులాట మొదలైంది. నన్ను ముందుకి నెట్టి అమ్మ ఎక్కింది. ఎవరిదో మూట అడ్డమొచ్చి పిన్ని చెయ్యి జారింది. వెనకాలే ఎక్కేసుంటుందిలే అనుకుంది అమ్మ. అంత ఒత్తిడిలో మెడ తిప్పే వీల్లేదు. కండక్టరు దగ్గరికొచ్చి టిక్కెట్లన్నప్పుడు అమ్మ మూడన్నది. "మూడో మనిషేది?" అన్నాడాయన. అప్పుడు తిరిగి చూశాం.

అమ్మ అరిచిన అరుపుకి డ్రైవరు రోడ్డు మీదే బ్రేకేశాడు. దిగి వెనక్కి పరిగెత్తాం. కాసేపటికి పామర్రు వెళ్తున్న ఆటో ఆగింది. మేము పామర్రు వైపు వెళ్తుంటే మాకెదురుగా గుడివాడ బస్సులు ఒకటి రెండు దాటిపోయాయి. వాటిలో ఒకదాంట్లో ఆకుపచ్చ చీర కట్టుకున్న ఎవరో ఆడమనిషి వెనకాల ఎక్కి పిన్ని వెళ్ళిపోతోందని మాకేం తెలుసు? అరవటానికి పిన్నికి నోరు లేదు. మేము అరిచినా తనకి వినపడదు.

పామర్రు సెంటర్లో అమ్మ కాలికి చెప్పు లేకుండా తిరిగింది. ఒకటెక్కడో పోతే రెండోది విప్పి పారేసింది. కనపడినవాళ్ళనల్లా అడిగింది. ఆకుపచ్చ చీరండీ, పొడుగ్గా ఉంటదండీ, మాట రాదండీ. సోడా కొట్టాయన పాపం గల్లాపెట్టె వదిలేసి బస్సులన్నీ ఎక్కి చూశాడు. ఒకావిడ మాత్రం, "మూగదాన్ని వెనక పెట్టి నువ్వెట్టా ఎక్కావమ్మా?" అంది. అమ్మ ఆ తర్వాత చాలా రోజులు ఆ మాటకి జవాబు వెతుక్కుంటున్నట్టు ఒంటరిగా పెదాలు కదిపేది.

సాయంత్రం దాకా చూసి, గుడివాడ వెళ్ళి, కూటాల పందిట్లో మైకులో చెప్పించాం. పోలీస్ స్టేషన్లో చెప్పాం. ఫోటో అడిగారు. ఉన్నది ఒక్కటే, ఎవరిదో పెళ్ళిలో తీసింది. అందులో పిన్ని వెనక వరసలో సగం మొహమే కనపడుతోంది. మర్నాడు నాన్న వచ్చాడు. బందరు, గుడివాడ, పామర్రు, చల్లపల్లి, అన్నీ తిరిగాం. బస్టాండ్లలో పడుకునే ముసలివాళ్ళని లేపి అడిగాం. ఎక్కడా జాడ లేదు.

ఇంటికొచ్చాక అమ్మ మారిపోయింది. ఏడవటం కూడా మానేసింది. నాయనమ్మ పొద్దున్నే, "ఏం వండనే అమ్మాయ్?" అంటే, "నన్నడక్కండి" అనేది.  వాన కమ్ముకొస్తున్నా దండెం మీది బట్టలు తియ్యాలో వద్దో తెలియనట్టు చూస్తూ కూర్చునేది. గుమ్మం దాటేటప్పుడు ఆ గోడవైపు చెయ్యి పోనిచ్చేది కాదు. ఒళ్ళు ముడుచుకుని, అక్కడ ఏదో వేడిగా ఉన్నట్టు తప్పుకుని వెళ్ళేది. నాయనమ్మే రోజూ ఏదో ఒకటి వండేది. ఎవరికీ రుచి తెలిసేది కాదు. పక్కింటివాళ్ళు వచ్చి, ఈడొచ్చిన ఆడపిల్ల అని మొదలుపెట్టి, మా నాయనమ్మ కళ్ళు చూసి ఆపేసేవాళ్ళు. ఆ ఆపేసిన మాటల అర్థం నాకు అప్పుడు తెలియలేదు. భయం మాత్రం తెలిసింది.

చర్చి అయ్యగారు వచ్చారు. మంచివాడు. సైకిలు స్టాండేసి, నాయనమ్మ ఇచ్చిన మజ్జిగ చేత్తో పట్టుకుని, "దేవుని చిత్తం మనకి అప్పుడే తెలియదమ్మా. ఆయన్ని అడుగు. దారి చూపిస్తాడు" అన్నారు.

అమ్మ తలెత్తింది. "అయ్యగారూ, నేను అడిగే ఎక్కానండి ఆ బస్సు" అంది.

అయ్యగారు మజ్జిగ తాగకుండానే గ్లాసు అరుగు మీద పెట్టారు. అమ్మ తల మీద చెయ్యి పెట్టబోయి, ఆగి, సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయారు.

తర్వాత అమ్మకి జ్వరం పట్టుకుంది. మంచం దిగలేదు. నాన్న పని ఉన్న రోజు పనికి, లేని రోజు వెతకటానికి వెళ్ళేవాడు. ఒకరోజు పొద్దున బయల్దేరబోతూ అమ్మ మంచం దగ్గర ఆగాడు. "నువ్వొకసారి అడగవే. ఎటెళ్ళమంటాడో. నేను వెళ్తా" అన్నాడు. నాన్న నోటినించి అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు.

అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

"సరే, నేనే అడుగుతా" అన్నాడు నాన్న. వెళ్ళి గుమ్మం పక్కన నిలబడ్డాడు. కళ్ళు మూసుకోవాలని తెలియలేదో, మూసుకోలేకపోయాడో, తెరిచే ఉంచాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా అంచు పట్టుకున్నాడు. నేను దగ్గరికెళ్ళి, "ఏమన్నాడు నాన్నా?" అన్నాను.

"ఏమీ అనలేదు" అన్నాడు. "పద, నువ్వూ రా. దాని చేతుల మాటలు నీకే బాగా తెలుసు."

ఆ రోజూ గుడివాడే వెళ్ళాం. ఇంకెటు వెళ్ళాలో తెలియక. స్టేషను మెట్ల దగ్గర ఒక కానిస్టేబులు నాన్నని గుర్తుపట్టి పక్కకి పిలిచాడు. నన్ను చూసి గొంతు తగ్గించాడు గానీ నాకు వినపడింది. బందరు పెద్దాసుపత్రిలో ఒక ఆడమనిషి ఉందట. కాలవలో దొరికిందట. ఎవరూ రాలేదట. "వయసు అటూ ఇటుగా సరిపోతోంది. ఒకసారి చూసుకుని రా బాబాయ్" అన్నాడు.

నాన్న తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. నా చెయ్యి పట్టుకుని రైలుస్టేషనుకి నడిచాడు. దారిలో నాకు పునుగులు కొనిపెట్టాడు. వేడి నూనె కాగితంలోంచి చేతికంటుకుంటోంది. "నువ్వు తిను నాన్నా" అంటే, "నాకాకలిగా లేదమ్మా" అన్నాడు. గుడివాడ స్టేషన్లో ఒకేసారి రెండు బళ్ళు నిలబడి ఉన్నాయి. నాన్నకి చదువు రాదు. నేను పునుగుల్లో ఉన్నాను. కదులుతున్న బండి తలుపు దగ్గర నిలబడినాయన్ని, "బందరు బండేనాండీ?" అనడిగాడు. ఇంజను కూతలో ఆయనకేం వినపడిందో తలూపాడు. ఎక్కేశాం.

నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఎదురుగా చేపల బుట్టతో కూర్చున్నావిడ నన్ను పలకరించి, "ఎక్కడికమ్మా?" అంది. బందరని చెప్పాను.

"అయ్యో, ఇది కైకలూరు మీదుగా భీమవరం పోయే బండి కదయ్యా!"

నాన్న లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. బండి ఒక చిన్న హాల్టులో ఆగగానే దిగేశాం. ప్లాట్‌ఫారం అంటూ కూడా సరిగ్గా లేదు, కంకరా, ఒక రేకుల షెడ్డూ. బండి వెళ్ళిపోయింది. నాన్న ఆ కంకర మీదే చతికిలబడి, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నాన్న ఏడవటం అదే మొదటిసారి చూశాను. తప్పు బండి ఎక్కినందుకనుకున్నాను. ఆసుపత్రిలో ఆ మొహం చూడకుండా ఇంకో పూట గడిచిందని ఏడ్చాడేమోనని ఇప్పుడనిపిస్తుంది.

తిరుగు బండి సాయంత్రం దాకా లేదని షెడ్డులో కూర్చున్నతను చెప్పాడు. చేలకడ్డంపడి వెళ్తే బస్సులు తిరిగే రోడ్డొస్తుందన్నాడు. గట్ల మీద నడుస్తూ వెళ్ళాం. అటూ ఇటూ మినప చేలు. సగం పీకేసి కుప్పలేశారు, సగం ఇంకా నిలబడే ఉన్నాయి. ఎండకి కాయలు చిటపటలాడుతున్నాయి. ఆ దుమ్ము వాసన గాలంతా నిండిపోయి ఉంది. దూరంగా ఆడవాళ్ళు వరసగా వంగి మినుము పీకుతున్నారు. గట్టు మీది ముసలామె ఒకతె నోటికి చేతులడ్డం పెట్టుకుని, "రండే, అన్నాలకి రండే!" అని కేకేసింది.

అందరూ నడుములు పట్టుకుని లేచారు. ఒక్క మనిషి లేవలేదు. అందరూ గట్టువైపు తిరిగి నడుస్తుంటే, ఆమె ఒక్కతే వంగి పీకుతూనే ముందుకి వెళ్తోంది. ఇంకోసారి కేకేసింది ముసలామె. అయినా తిరగలేదు.

నేను నాన్న చెయ్యి విడిపించుకుని పరిగెత్తాను. "ఎక్కడికే?" అని నాన్న అరుస్తున్నాడు. పిలవాలని నోరు తెరిచాను. పిలిచి ఏం లాభం? చేలోకి దిగి, వరి కోసిన మోళ్ళు కాళ్ళకి గుచ్చుకుంటుంటే, ఆమెని దాటి, చుట్టూ తిరిగి, ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

తల పైకెత్తింది. మా పిన్నే. నల్లబడిపోయింది. ఎవరిదో పాత చొక్కా చీర మీద తొడుక్కుంది. పెదాలు పగిలి ఉన్నాయి. నన్ను చూసి దగ్గరికి తీసుకోలేదు, ఏడవలేదు. చేతిలో మొక్కలు అలాగే పట్టుకుని చేలో కూర్చుండిపోయింది. నా మొహం చూస్తూ, నా రెండు జడలూ పట్టుకుని, నేనే అవునో కాదో అన్నట్టు లాగి చూసింది. అప్పటికి నాన్న వచ్చాడు. నాన్నని చూసి స్టీరింగు తిప్పింది. తర్వాత అమ్మెక్కడ అన్నట్టు చెయ్యి తిప్పి అడిగింది. ఇంట్లో ఉందని చూపించాను. పిన్ని మెల్లిగా తల పక్కకి వంచి, కళ్ళు మూసుకుని, తెరిచి, నాన్నకేసి చూసింది.

"ఏమంటోంది?" అన్నాడు నాన్న.

"దేవుడు చెప్పాడా అని అడుగుతోంది. ఇక్కడున్నానని మీకు దేవుడు చెప్పాడా అని."

నాన్న నావైపు చూశాడు, చేలవైపు చూశాడు. మేము దిగి వచ్చిన రైలుపట్టాల వైపు చూశాడు. తర్వాత తలూపాడు. అవునని.

కూలి ముఠా పెద్దావిడ ఆ ముసలామే. గుడివాడ అవతల రోడ్డు పక్క కల్వర్టు మీద కూర్చునుంటే కూలి ట్రాక్టర్లో వెళ్తూ చూశామంది. "తిండి తిని ఎన్నాళ్ళయిందో నాయనా. ఏ ఊరంటే మాట లేదు. వదిలేసి పోతే ఎవడి పాలపడతదో అని ఎక్కించుకున్నా. మాతో తిప్పుకుంటున్నా. పగలు నా కళ్ళెదట, పడుకుంటే నా పక్కన. ఆ మాట మీ ఇంట్లో చెప్పు" అంది. ఆమె ఆ మాట ఎందుకంత గట్టిగా చెప్పిందో నాన్నకి అర్థమై చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఆమె మాకందరికీ పచ్చిమిరపకాయ పచ్చడీ చద్దన్నమూ పెట్టింది. నాన్న అన్నాళ్ళకి కడుపు నిండా తిన్నాడు.

ఇంటికి చేరేసరికి అమ్మ మంచం మీదే ఉంది. పిన్ని వెళ్ళి అమ్మ చెంప మీద చెయ్యి వేసింది. బీటలు తీసిన చెయ్యి. అమ్మ కళ్ళు తెరిచి, గోడవైపు తిరగబోయి, ఆగిపోయింది. కలనుకుంది. పిన్ని జుట్టులోంచి ఆ మినప దుమ్ము వాసన వస్తుంటే ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చింది. అప్పుడు అరిచింది. వీధి వీధంతా వచ్చింది. అమ్మ జ్వరంతోనే లేచి, కుంకుడుకాయలు కొట్టి, పిన్నికి తలంటింది. నీళ్ళు నల్లగా పోతూనే ఉన్నాయి. వద్దన్నా వినకుండా మళ్ళీ మళ్ళీ రుద్దింది.

మర్నాడు నాన్న మొత్తం చెప్పాడు. కానిస్టేబులు సంగతి దగ్గరికొచ్చేసరికి అమ్మ చేతిలో పని ఆపింది. "మరి ఆమె?" అంది.

"ఎవరు?"

"ఆసుపత్రిలో ఉన్నామె. ఆమె కోసం ఎవరైనా వచ్చారో లేదో."

"మనకేం తెలుసే? ఎవరో."

"ఎవరో అంటే ఎట్టా? ఆమెకీ ఓ అక్కుంటది. ఆ అక్క కూడా ఎక్కడో తిరుగుతుంటది. వెళ్ళి చూసిరండి."

నాన్న చొక్కా వేసుకుని బందరు వెళ్ళాడు. ఆ రోజు రాలేదు. మర్నాడు మధ్యాహ్నం వచ్చి, అరుగు మీద కూర్చుని కాళ్ళు కడుక్కున్నాడు. ఎవరూ రాలేదట. మునిసిపాలిటీవాళ్ళు తీసుకెళ్తుంటే నాన్న వెంట వెళ్ళాడట. "మన పిల్ల ఈడే. చేతికి మట్టిగాజులు అట్టాగే ఉన్నాయి. నేనూ పిడికెడు మట్టి వేసొచ్చా" అన్నాడు.

"ప్రార్థన చేశారా?"

"నాకొచ్చిన ముక్కలు చెప్పా."

అమ్మ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. చాలాసేపటికి బయటికొచ్చింది. పేరు తెలియని ఆ మనిషి కోసం అమ్మ ఏం అడిగిందో తెలియదు గానీ, ఆ బస్సు తర్వాత నోరు విప్పి దేవుడితో మాట్లాడటం అదే మొదలు.

ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమని అందరూ అమ్మని లేపారు. తప్పు రైలు కథ అప్పటికే ఊరంతా తెలుసు. అమ్మ నోటినించి వినాలని అందరికీ ఆశ. అమ్మ నిలబడి, పైట సర్దుకుని, "మా చెల్లి దొరికింది. వందనాలు" అని కూర్చుండిపోయింది. ఇంటికొచ్చాక నాయనమ్మ ఊరుకోలేకపోయింది. "ఆ రైలు దేవుడే ఎక్కించాడని ఒక్క ముక్క చెప్పొచ్చుగా?"

"ఆ రైలు ఆయనే ఎక్కించాడంటే, ఆ బస్సు ఎవరు ఎక్కించారని అడుగుతారు అత్తయ్యా" అంది అమ్మ. "వాళ్ళు అడగటం దేనికి, నేనే అడుగుతున్నా."

ఆకుపచ్చ చీర చూసి అమ్మే అనుకుని ఎవరి వెనకాలో బస్సెక్కానని మాత్రం పిన్ని చేతుల్తో చెప్పింది. ఆ తర్వాత కల్వర్టు దగ్గరికి చేరేలోపల ఏం జరిగిందో మాకు ఎప్పటికీ తెలియలేదు. ఒకసారి వాన పడుతుంటే మా ఇద్దరం వసారాలో చింతగింజలాడుతున్నాం. ఉన్నట్టుండి చేతులు కదపటం మొదలుపెట్టింది. బస్సు చూపించింది, కుక్క చూపించింది, నీళ్ళు చూపించింది. మూతి మీద మీసం గీసింది. ఆగిపోయింది. నేను తర్వాతేంటన్నట్టు చూశాను. గింజలు గుప్పెట్లోకి తీసుకుని మళ్ళీ ఆట మొదలుపెట్టింది. పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మ ఇదంతా చూసింది. పొయ్యిలో పుల్ల పూర్తిగా కాలి బయట పడేదాకా కదలలేదు.

ఆ తర్వాత ఏళ్ళకి నేను బందరులో కాలేజీలో చేరాను. ఒకసారి అమ్మా పిన్నీ నన్ను తీసుకెళ్ళటానికి వచ్చారు. బస్టాండులో అవనిగడ్డ బస్సు కోసం కూర్చున్నాం. పిన్ని వేరుసెనక్కాయలు ఒలిచి మా ఇద్దరి చేతుల్లో పెడుతోంది. అన్నేళ్ళూ అడగలేకపోయిన మాట అప్పుడెందుకో అడిగాను.

"అమ్మా, ఆ రోజు పామర్రులో నీకేం వినపడింది?"

 "ఈ బస్సే అనిపించింది" అంది. "ఎప్పుడూ అనిపించినట్టే అనిపించింది. ఏం తేడా లేదు. అదే నాకు అర్థం కాదు. ఆయన చెప్పలేదనుకోవాలా, నేను సరిగ్గా వినలేదనుకోవాలా, చెప్పే తీసుకెళ్ళాడనుకోవాలా? ఏదనుకున్నా మీ పిన్నికి పోయినవి తిరిగి రావు."

"మరి ఇంకా ఎందుకడుగుతావు?"

"అడక్కుండా మంచాన పడి ఉన్న రోజులు చూశాగా. ఆయన మీద కోపంతో ఉన్నన్నాళ్ళూ నాకు ఇంట్లో అన్నం గిన్నె ఎక్కడుందో కూడా కనపడలేదు" అంది. "ఇప్పుడు కోపం పోయిందని కాదు. కోపంగానే అడుగుతా."

అవనిగడ్డ బస్సు వచ్చింది. జనం లేచి తోసుకున్నారు. అమ్మ ఎవరినీ తోయలేదు. అందరూ ఎక్కేదాకా ఆగి, నన్ను ముందు ఎక్కించింది. పిన్ని రెండు భుజాలూ పట్టుకుని మెట్లెక్కించి, లోపల నా చేతికి అందించింది. తర్వాత కింద నిలబడి, ఇంకా ఎవరైనా మిగిలారేమోనని ఒకసారి అటూ ఇటూ చూసింది. కండక్టరు విసుక్కుంటూ, "ఎక్కమ్మా, ఎంతసేపు?" అన్నాడు. అమ్మ పెదాలు ఏదో అంటున్నాయి. ఆఖర్న తనెక్కింది.